బదులు మనిషి

గల్ఫ్‌లో, బిర్కత్ అల్ అవామిర్ కూలీల క్యాంపులో రోజూ పొద్దున గదుల ముందర హాజరు పిలుస్తారు. నలభై పేర్లు, నలభై "ఉన్న"లు, నలభై సీట్ల బస్సు. ఆ బస్సు గోదాముకు పోతుంది. ప్రదర్శన కోసం ఈజిప్టు నుంచి వచ్చిన పాతకాలపు సమాధి సామాన్లను అక్కడ పెట్టెల్లోంచి తీసి తుడవడం జలంధర్ పని.

ఒకరోజు అతని మనసు పనిమీద లేదు. భార్య పుష్ప ఊరి నుంచి ఫోన్ చేసింది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"అత్తమ్మ నీళ్ళు గూడ మింగుతలేదు. నిన్నే అడుగుతున్నది. గంత పెద్ద దుబాయ్‌ల ఒక్క మనిషి లేకుంటె పని ఆగుతదా?"

ఆగుతుందట. సూపర్‌వైజర్ ఫరీదుద్దీన్ హైదరాబాదీ, చెడ్డవాడేం కాదు. "బదులు మనిషి లేకుంటె లీవ్ మాఫీ, లేనే లేదు భాయ్" అని ఇంకో పెట్టె తెరిచాడు. లోపల జానెడేసి నీలం బొమ్మలు, చేతుల్లో పారలు.

"మూడువందల అరవై ఐదు. రోజుకొకడు. చచ్చినంక గూడ పొలం పనికి పిలుస్తరని ఆ కాలపు పైసలున్నోళ్ళ భయం. పిలిస్తే ఈళ్ళు 'ఉన్న' అని లేస్తరు" అన్నాడు ఫరీదుద్దీన్.

"శుక్రవారం, సెలవునాడు గూడనా?"

"గూడ."

"మరి బీదోళ్ళ సమాధుల?"

"చాప, కుండ. పిలిస్తే ఆళ్ళే పోవాలె."

చచ్చినా డ్యూటీ తప్పకపోతే ఇక చావడం దేనికో జలంధర్‌కు అంతుబట్టలేదు. చేతిలో బొమ్మను తుడుస్తూ "మా అవ్వ పోతున్నదిరా" అని దానికే చెప్పుకున్నాడు.

మర్నాడు హాజరులో అతను నోరు తెరిచేలోపే పక్కనుంచి "ఉన్న" అని వినబడింది. నిన్న తుడిచిన బొమ్మ, పార భుజాన వేసుకుని వరుసలో నిలబడి ఉంది. ఫరీదుద్దీన్ టిక్కు పెట్టాడు. చిక్కంతా బస్సు దగ్గర వచ్చింది. నలభై సీట్లు, నలభై ఒక్క మంది. ఫరీదుద్దీన్ మూడుసార్లు లెక్కపెట్టి బుర్ర గోక్కున్నాడు.

"ఒకడు ఎక్కువున్నడు. నువ్వు దిగు. ఊరికి పో, యల్లా."

దిగింది తనో బొమ్మో విమానం ఎక్కేదాకా జలంధర్‌కు తేలలేదు.

ఊళ్ళో తల్లి బాలవ్వ ఇంకా కళ్ళు మూయలేదు. కొడుకు చెంచాతో పోసిన నీళ్ళు గుటక వేసింది.

"నీ పని ఎవలు చేస్తున్నరు, బిడ్డా?"

"నా బదులు ఒకడున్నడవ్వ."

ఆమె అతనివైపు తల తిప్పింది. "ఆనికి అవ్వ లేదా?"

అదే ఆమె ఆఖరి మాట. జలంధర్ తలకొరివి పెట్టాడు, కరువుతీరా ఏడ్చాడు, దినాలు కాగానే తిరిగొచ్చాడు.

క్యాంపులో బొమ్మ అతని మంచం మీద కూచుని ఉంది. పాదాల నిండా దుమ్ము, మడమలకు పగుళ్ళు. తెల్లారి బయట "జలంధర్" అని పిలుపు వినగానే మంచం దిగబోయింది. అతను దాని భుజం మీద వేలు ఆనించి ఆపాడు.

"ఇయ్యాల శుక్రవారం. పండుకో."

నిజానికి అది మంగళవారం. దానికి దుప్పటి కప్పి, "ఉన్న" అని తనే పలికి, జలంధర్ బస్సెక్కాడు.