దున్నని మూల

ఐర్లండ్‌లోని మేయోలో ముసురు పట్టిన ఒక సోమవారం ఉదయం, అరవై రెండేళ్ళ ఫింటన్ తన చేలో జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఆ చేనును కొత్త ఇళ్ళ కోసం అమ్మేశాడు. పునాదులు పడకముందే నేలలోని పాతకాలపు ఆనవాళ్ళను తవ్వి, కొలిచి, రాసుకోవాలి. అందుకే పురావస్తు పరిశోధకురాలు గ్రాన్యా వచ్చింది.

"ఆ ఉత్తరపు మూల ఏమిటండీ?"

"అదా? రాళ్ళ కుప్ప. మా నాన్న ఏరి పోసినవి. అక్కడ తవ్వితే మీ నడుం విరగడం తప్ప ఇంకేం దొరకదు."

"మరి చాళ్ళన్నీ అక్కడికొచ్చి పక్కకి తిరిగిపోతున్నాయే? కుప్ప మోకాలెత్తు కూడా లేదు. ట్రాక్టరుకి అదొక లెక్కా?"

చిన్నప్పుడు ఫింటన్ కూడా ఇదే మాట అడిగితే తండ్రి చెంప చెళ్ళుమనిపించాడు. మళ్ళీ అడగలేదు. పెద్దయ్యాక ఊరివాళ్ళ గుసగుసల్లో సంగతి అర్థమైనా నోరెత్తలేదు. ఆ మూల దగ్గర ట్రాక్టరు తిప్పేటప్పుడు మాత్రం పట్టపగలు కూడా అతనికి వీపు జలదరించేది. ఇంజను చప్పుడుకి ఎవరో నిద్ర లేస్తారేమో అనిపించేది.

మధ్యాహ్నానికి గ్రాన్యా తాపీ కింద చిన్న గుంటల అంచులు తేలాయి. మూరెడు పొడవు. ఒక్కొక్కదాని మీద గుప్పెడు తెల్లని గులకరాళ్ళు. మొత్తం పందొమ్మిది.

"మీకు తెలుసు కదూ?" అంది ఆమె మెల్లగా.

"బాప్తిస్మం కాకుండా పోయిన పసికందులు," అన్నాడు ఫింటన్ తలెత్తకుండా. "చర్చి నేలలో చోటివ్వలేదు. ఊరంతా తెలుసు. ఎవరూ పైకి అనరు."

"చేను గోడవైపు నుంచి మూడోది," అని వెనకనుంచి వినిపించింది. అతని ఎనభై ఆరేళ్ళ తల్లి డీలియా, రబ్బరు బూట్లతో బురదలో నిలబడి ఉంది. "నీకంటే రెండేళ్ళు పెద్దదిరా. మీ నాన్న సబ్బుల పెట్టెలో పెట్టుకుని తెచ్చాడు. నన్ను రానివ్వలేదు. కిటికీలోంచి చూశాను."

ఇన్నేళ్ళూ తాను ట్రాక్టరుతో చుట్టి వచ్చింది సొంత అక్కనేనని ఫింటన్‌కు అప్పుడు తెలిసింది. సిగ్గుతో అతను జేబుల్లోంచి చేతులు తీశాడు.

"ఆ కాగితంలో ఏం రాస్తావమ్మా?" డీలియా గ్రాన్యా చేతిలోని కాగితం చూసి అడిగింది.

"ఒక్కోదానికి ఒక నంబరండీ. ఎవరైనా పేరు చెబితే అదీ రాస్తాను."

"పేరు పెట్టొద్దన్నారు పాదిరిగారు. నేను పెట్టుకున్నాను. ఓనా."

అరవై నాలుగేళ్ళలో ఆమె ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి.

ఆ మూలను అమ్మకంలోంచి తీసేయమని ఫింటన్ మర్నాడే వెళ్ళి చేను కొన్నవాళ్ళకు చెప్పాడు. ఆదివారంలోగా మరో ఆరుగురు ముసలివాళ్ళు గోడ దగ్గరికి వచ్చి, లోగొంతుకతో ఆరు పేర్లు రాయించారు. మిగతా పన్నెండింటికీ నంబర్లే ఉండిపోయాయి. ఆ పేర్లు తెలిసిన తల్లులు అప్పటికే మట్టిలో కలిసిపోయారు. మీ ఇంట్లోనూ అడగకూడదని అందరూ అనుకునే ప్రశ్న ఏదైనా ఉంటే, జవాబు తెలిసినవాళ్ళు బతికుండగానే వెళ్ళి అడగండి.