డ్రైవరు సీట్లో అంతయ్య

దిల్‌సుఖ్‌నగర్ లేడీస్ హాస్టల్లో పొద్దుటి ఉప్మా దించి, మధ్యాహ్నం పప్పు కూడా వండిపెట్టి, ఎల్‌బీ నగర్‌లో ఇంటికి రాగానే అండాలమ్మ చేసే మొదటి పని వాకిట్లో కారు తుడవడం. అద్దాలూ బానెట్టూ బరబరా తుడిచేది. డ్రైవరు పక్క తలుపు మాత్రం మెల్లగా. లోపల ఆమె మొగుడు అంతయ్య కూర్చుని ఉంటాడు కదా.

అంతయ్య చనిపోయి ఏడాది దాటింది. మనిషి కనపడడు, మాట్లాడడు. బరువు మాత్రం డ్రైవరు సీటు వదల్లేదు. సీటు అణిగి, కారు ఆ పక్కకు కాస్త ఒరిగి ఉంటుంది. పాలవాడు రోజూ "నమస్తే అంతయ్యన్నా" అని పోతాడు. బతికినన్నాళ్లూ ఎల్‌బీ నగర్ నుంచి సూర్యాపేటకు జనాన్ని చేరేసిన మనిషి సీటు దిగకపోతే వింతేముంది? బతికున్న మగవాళ్లు మాత్రం దిగుతున్నారా, ఎక్కిన ఏ సీటైనా?

చిక్కల్లా బండి కదలకపోవడమే. కూర్చున్న మనిషి మీద ఇంకొకరు ఎట్లా కూర్చుంటారు? అండాలమ్మకు కారు నడపడం వచ్చు. బడంగ్‌పేట్ ఖాళీ ప్లాట్లలో అంతయ్యే నేర్పించి, లైసెన్సు ఇప్పించాడు. ఆఫీసులకు పోయే హాస్టల్ పిల్లలు ఆటోలతో వేగలేక అడుగుతూనే ఉన్నారు.

"ఆంటీ, నువ్వే కారు నడుపరాదు? పొద్దుగాల దింపు, సాయంత్రం తీస్కరా. మేమందరం నీ బండే ఎక్కుతం."

"మొగుని ఒళ్లె కూసొని దిల్‌సుఖ్‌నగరంత తిరగమంటరానే?" అని నవ్వేది. నవ్వి మళ్లీ గంజి వార్చడానికి వంగేది. నడుము పట్టేసేది. జీవితమంతా ఈ డేగిసాల మధ్యనేనా అని గుబులు పుట్టేది.

ఆఖరికి ఒకరోజు అంతయ్య అన్న జానయ్య చౌటుప్పల్ నుంచి దిగాడు.

"ఆడమనిషివి, నీకు కారెందుకమ్మా? మా వాకిట్ల పెట్టుకుంటం. తమ్ముడు నా కండ్ల ముంగటుంటడు."

అండాలమ్మకు కాదనాలని ఉంది. బావల ముందు నోరెత్తని ఇంట్లో పెరిగింది. సరేనని తలూపింది.

నడిపేవాళ్లు లేని బండి గనక ట్రైలర్ మాట్లాడారు. కిరాయికి బండ్లు చేరేసే స్టీఫెన్ తన బొలెరోకు ట్రైలర్ తగిలించుకుని వచ్చాడు. కారు ముందు భాగం బొలెరో వైపు వచ్చేట్టు ఎక్కించబోతే జానయ్య అడ్డం పడ్డాడు.

"ఏయ్, తిప్పి ఎక్కియ్యి. బండి మొఖం ఈ ఇంటి దిక్కుండాలె. ఇంటికి వీపు పెట్టి పోతే అచ్చిరాదు."

"కాకా, ఇంజన్ బరువు ముంగట, నా దిక్కుండాలె. ఎనుకకు పడితే ట్రైలర్ తోక ఊపుతది."

"నీకు ట్రైలర్ ఎరుక. మా ఇంటి పద్ధతి నాకెరుక."

పెద్దమనిషితో పంచాయితీ ఎందుకని స్టీఫెన్ కారును వెనక్కి తిప్పే ఎక్కించాడు. నాలుగు చక్రాలకూ బెల్టులు బిగించి, ఊపి చూసి, "జర భద్రం అంతయ్యన్నా" అన్నాడు. మొగుణ్ని దిగబెట్టి వస్తానని జానయ్యతో పాటు అండాలమ్మ కూడా బొలెరో ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

హయత్‌నగర్ దాటాక రోడ్డు ఖాళీ దొరికింది. వేగం అందుకోగానే ట్రైలర్ చిన్నగా ఊగింది. తర్వాత పెద్దగా. అద్దంలో కారు ఈ పక్క కాసేపు, ఆ పక్క కాసేపు. ఎదురుగా పల్లం, పక్కన ఇసుక లారీ.

"బ్రేక్ కొట్టుర నాయ్‌నా!" జానయ్య కేక.

"కొడితే బోల్తా పడతం, ఊకో కాకా!" స్టీఫెన్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, స్టీరింగ్ కదలకుండా పట్టుకున్నాడు. ఊపు తగ్గలేదు.

అండాలమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. తిప్పి ఎక్కించిన కారులో వెనక సీటే బొలెరోకు దగ్గర. ఏడాదిగా ఆయన్ని జరగమని ఒక్కసారీ అడగలేదు. అడగొచ్చనే తోచలేదు.

"ఓ మనిషీ! నీకే చెప్తున్న! ఆ సీటు ఇడిశిపెట్టు! ఎనుక సీట్లకు జరుగు, లేకుంటె అందరం పోతం!"

బొలెరో వెనక భాగం ఒక్కసారి కిందికి దిగింది, ఎవరో ట్రైలర్ కొక్కెం మీద చెయ్యేసి నొక్కినట్టు. ట్రైలర్ ఇంకో రెండు ఊపులు ఊగి, దారికొచ్చింది. స్టీఫెన్ మెల్లగా పక్కకు తీసి ఆపాడు.

దిగి చూశారు. డ్రైవరు సీటు పొంగి, కొత్తదానిలా ఉంది. వెనక సీటు, కిటికీ పక్కన, అణిగి ఉంది.

జానయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. తుడిచినకొద్దీ తడి వస్తూనే ఉంది. "నా పద్ధతి పాడుగాను, ఎంత పనైతుండె," అన్నాడు. "తమ్మీ, నువ్వన్నట్లే తిప్పి ఎక్కియ్యి. పోదాం."

"ఎక్కియ్యకు స్టీఫెనూ," అంది అండాలమ్మ. "కిందికి దించు."

"దించితే ఎవరు నడుపుతరమ్మా?"

"సీటు ఖాళీ అయింది గద, బావా."

జానయ్య ఆమె వైపు చూశాడు, కారు వైపు చూశాడు. స్టీఫెన్ కారు దించాడు. దించాక జానయ్యే వెనక తలుపు తీసి, అణిగిన చోటుకు ఆనుకుని, తమ్ముడి పక్కన సర్దుకుని కూర్చున్నాడు.

"మెల్లగ పోనియ్యి," అన్నాడు.

ఏడాదిగా కదలక చార్జి పోయిన కారుకు స్టీఫెన్ బొలెరో బ్యాటరీ నుంచి వైర్లు తగిలించాడు. అండాలమ్మ డ్రైవరు సీట్లో కూర్చుంది. పెడళ్లకు కాళ్లు అందలేదు. కిందికి వంగి, చేత్తో మీట వెతికి, సీటును తన కాళ్ల పొడవుకు ముందుకు జరుపుకుంది.