గిటారు మధ్యలో అమ్మ

“ఆ గోల తీయించేశానోయ్” అన్నాడు భర్త, కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి.

ఆమె ఉడికిన బంగాళాదుంపల తొక్క తీస్తోంది. సాయంత్రం ఆయన స్నేహితులు వస్తారు. పాటలు వాళ్ళవి, వేపుళ్ళు ఆమెవి.

“ఏ గోల?”

“అదే, గిటారు మధ్యలో వచ్చే అరుపు. తెలిసిన స్టూడియో అతనికిచ్చి కడిగించాను. ఇప్పుడు పాట అద్దంలా ఉంది. ఆ క్యాసెట్లు ఇంక దండగ. పాతసామాన్ల సంచిలో పడేశాను.”

చేతిలో దుంప కాలుతోందని ఆమెకు కాసేపటికి గాని తెలియలేదు. ఆ అరుపు ఆమె తల్లిది.

డిగ్రీ చదివే రోజుల్లో రేడియోలో వారానికొక గంట ఇంగ్లీషు పాటలు వేసేవారు. నచ్చిన పాట దాచుకోవాలంటే ఒకటే దారి. క్యాసెట్ రికార్డరును రేడియోకి ఎదురుగా పెట్టి, రెండు బటన్లు కలిపి నొక్కి, ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడమే. గిటారుకీ గిన్నెల చప్పుడుకీ తేడా ఆ రికార్డరుకి తెలియదు. అందుకని ఆ గంటసేపు ఇంట్లో ఎవరూ తుమ్మకూడదని ఆమె శాసనం. నాన్న పేపరు పట్టుకుని వీధి అరుగు మీదకి పోయేవాడు. అమ్మ వంటింట్లో పిల్లిలా నడిచేది. ఒకరోజు, ఆమె వారాల తరబడి కాపు కాసిన పాట రానే వచ్చింది. రెండో చరణం అయింది. గిటారు అందుకుంది. అది మెట్టు మెట్టుగా పైకి పోతుంటే, సరిగ్గా కొసన, పెరట్లోంచి అమ్మ గొంతు: “అమ్మలూ! పాలు పొంగుతున్నాయే, చూడు!” పెరట్లో బట్టలు పిండుతున్న మనిషి ఇంకేం చేస్తుంది మరి? ఆమె ఆ పూట అన్నం తినలేదు. అమ్మ కంచం ముందుకు జరిపి, “నీ పాట మళ్ళీ వస్తుందే. ఒలికిన పాలు మళ్ళీ వస్తాయా?” అంది. పాట మళ్ళీ వచ్చింది, ఎన్నోసార్లు. అమ్మే పోయింది. ఫోటోలున్నాయి, రెండు చీరలున్నాయి. గొంతు మాత్రం ఆ గిటారు మధ్యలోనే ఉండిపోయింది.

పెళ్ళయిన కొత్తలో ఆ క్యాసెట్లు చూసి అత్తగారు, “ఇవేం పాటలమ్మా, గోడలు కూడా జడుసుకునేట్టున్నాయి” అంది. ఆయన నవ్వి, డబ్బాని అటక ఎక్కించాడు. అప్పట్లో ఆయనకు ఇంగ్లీషు పాట వినిపిస్తే తలనొప్పి వచ్చేది. ఆమె అంట్లు తోముతూ కూనిరాగం తీస్తే, “ఏమిటా మూలుగు, ఒంట్లో బాగా లేదా?” అని అడిగేవాడు. అలాంటి మనిషి యాభై దాటగానే మారిపోయాడు. స్నేహితులందరికీ ఒక్కసారే పాత పాటల జ్వరం పట్టుకుంది. ఫోన్లలో ఒకరికొకరు పాటలు పంపుకోవడం, “మన రోజులే వేరురా” అని నిట్టూర్చడం. నెలకో ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో కలుద్దామనుకున్నారు. ఎవరో ఒకరి ఇల్లు అంటే చివరికి ఈ ఇల్లే అయింది. “మీ ఆవిడ ఏమీ అనదురా, దేవత” అని పొడుగు ఇంజనీరు తేల్చేశాడు. దేవతకు నైవేద్యం ఎవరైనా పెడతారు. ఈ దేవతే అందరికీ పెట్టాలి.

మొదటి ఆదివారమే అటక మీది డబ్బా హాల్లోకి దిగింది. “నా కలెక్షన్” అన్నాడాయన. వంటింటి గుమ్మంలో నిలబడి ఆమె విన్నది. పొరపాటున అన్నాడేమో అనుకుంది. గిటారు మధ్యలో అమ్మ గొంతు రాగానే స్నేహితుల్లో డాక్టరు పగలబడి నవ్వి, ఎవరిదిరా అంటే, ఆయన “మా అమ్మే. చెల్లెల్ని పిలుస్తోంది” అన్నాడు. అప్పటికి అత్తగారు పోయి ఎన్నాళ్ళో కాలేదు. చచ్చిపోయిన మనిషి విషయంలో నలుగురిలో ఎందుకని ఆమె ఊరుకుంది. ఒకసారి ఊరుకుంటే ఆ తర్వాత నోరు తెరవడానికి ముహూర్తం దొరకదు. నెలనెలా ఆ చోటుకి రాగానే అందరూ కలిసి “పాలు పొంగుతున్నాయే!” అని అరవడం, ఆయన వంటింటి వైపు తిరిగి, “విన్నావా, పాలు పొంగుతున్నాయట! టీ పట్రా” అనడం, అందరూ నవ్వడం అలవాటైపోయింది. ఆమె టీ తెచ్చేది. తన తల్లి పిలిస్తే పలికినట్టే ఉండేది ఒక్కోసారి. ఆ సంగతి ఎవరికి చెప్పినా పిచ్చిదనుకుంటారు.

ఆమె చేతులు కడుక్కుని వసారాలోకి వెళ్ళింది. సంచిలో విరిగిన బకెట్టు, పాత చెప్పులు, వాటి కింద క్యాసెట్లు. తనకు కావలసింది తీసి, కొంగుతో తుడిచి, వంటింట్లో టీ కప్పుల పక్కన పెట్టుకుంది. మళ్ళీ కూర్చుని దుంపలు తరిగింది.

సాయంత్రం డాక్టరు, ఇంజనీరు వచ్చారు. కొత్త స్పీకరులో పాట మొదలైంది. నిజంగానే అద్దంలా ఉంది. ఆమె పొయ్యి మీద పాలు పెట్టి వింది. గిటారు అందుకుంది, పైకి పోయింది. “పాలు పొం...” అని ఎత్తుకున్న ఇద్దరూ మధ్యలో ఆగిపోయారు. గిటారు తన దారిన తాను దిగిపోయింది.

“అమ్మేదిరా?” అన్నాడు డాక్టరు.

“తీయించేశాను. క్లీన్‌గా లేదూ?”

“క్లీన్‌గానే ఉంది. ఉప్పు లేని కూరలా ఉంది. కన్నతల్లిని తీసేయడానికి నీకు చేతులెలా వచ్చాయిరా బాబూ?”

“ఆవిడ ఈయన కన్నతల్లి కాదులెండి, అన్నయ్యగారూ” అంది ఆమె.

ముగ్గురూ తలలు తిప్పారు. ఆమె చేతిలో ట్రే లేదు, క్యాసెట్ ఉంది.

“మా అమ్మ. పిలుస్తున్నది నన్ను. ఇది నేను రికార్డు చేసుకున్న పాట.”

“ఇప్పుడవన్నీ ఎందుకోయ్?” భర్త గొంతు తగ్గించాడు. “ఎవరిదైతే ఏముంది? పాట పాటే కదా.”

“అవును కదా. అందుకే పెడుతున్నాను.”

పాత టేప్‌రికార్డరు మూలనే ఉంది. ఆమె క్యాసెట్ వేసి బటన్ నొక్కింది. వంటింట్లోకి వెళ్ళలేదు. కిటికీ పక్కనున్న వాలుకుర్చీలో, ఆయన కుర్చీలో, వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఆ కుర్చీ ఇంత మెత్తగా ఉంటుందని తుడిచేటప్పుడు ఎప్పుడూ తెలియలేదు. గరగరమంటూ రేడియో, దాని వెనక ఆమె పుట్టిల్లు, ఎక్కడో బట్టలు పిండుతున్న చప్పుడు. ఇంజనీరు ఏదో అనబోతే డాక్టరు వారించాడు. రెండో చరణం అయింది. గిటారు మెట్టు మెట్టుగా ఎక్కింది.

“అమ్మలూ! పాలు పొంగుతున్నాయే, చూడు!”

ఈసారి ఎవరూ అరవలేదు. వంటింట్లోంచి మాడు వాసన సన్నగా వస్తోంది. అలవాటు కొద్దీ ముగ్గురూ ఆమె వైపే చూశారు.

ఆమె కళ్ళు తెరిచి భర్తను చూసింది.

“మా అమ్మ చెప్తోంది వినపడలేదూ? మీరెళ్ళి చూడండి. నేను పాట వింటున్నాను.”