నిండు చెంచా

మధ్యాహ్నం మూడు కాగానే నారాయణప్ప మగ్గం గుంతలోంచి కాళ్లు పైకి తీసుకుని స్టవ్ వెలిగించాడు. మూలన రాట్నం దగ్గర దారం కండెలు చుడుతున్న అతని భార్య సిద్దమ్మ, చెయ్యి ఆపకుండానే తల ఎత్తి కాఫీ వాసన పీల్చుకుంది.

రెండేళ్ల కిందట ఆమెకు చక్కెర జబ్బు బయటపడింది. కళ్లు మసకేసి పట్టుదారం ఊరికే తెంపేసేది. భయపడి కాఫీ మానేసింది. దాంతోపాటు మాటలూ మానేసింది. ఇంట్లో రాట్నం చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. ఓర్చుకోలేక నారాయణప్పే ఆమెను బత్తలపల్లె నర్సు కృపాకుమారి దగ్గరికి తీసుకుపోయాడు.

"కాఫీ ల్యాక ఇది మనిషే కాకుండా పోయిందమ్మా" అన్నాడు.

నర్సు నవ్వింది. "చిన్న గ్లాసు, చిన్న చెంచా చక్కెర. ఉత్త కడుపున వద్దు. అన్నం తగ్గించి కొర్రలు తిను. మాత్ర మరవొద్దు. సాయంత్రం అరగంట నడువు."

వేడన్నం అంటే ప్రాణం పెట్టే మనిషి, ఆ ఒక్క చెంచా కోసం కొర్రబువ్వకు అలవాటు పడింది.

ఈ పొద్దున చక్కెర పరీక్షలో నూట ఇరవైకి దిగింది. ఆ సంతోషంలో నారాయణప్ప, రోజూ వేలితో సమంగా గీసే చక్కెర చెంచాను గుట్టగా ముంచి ఆమె కాఫీలో వేశాడు.

సిద్దమ్మ గ్లాసు పట్టుకుని గడప మీద కూర్చుని, మొదటి గుటకకే కళ్లు మూసుకుంది. బయట వాన తేని మబ్బుల నీడలు ఎర్రనేల మీద మెల్లగా జరిగిపోతున్నాయి.

"ఏమే, యాడికి పోయినావు?"

"మా నాయన ఎంట సంతకు. చిన్నపిల్లను. తుంపర పడతాండాది. కాఫీ ఇప్పించినాడు." కళ్లు తెరిచింది. "ఈ పొద్దు తీపి ఎక్కువుండాదే?"

"నీకట్ల అనిపిస్తాదిలే."

ఆమె నవ్వి, అడుగు దాకా తాగింది.

ఐదింటికి నడకకు బయలుదేరింది. అరగంట గడిచింది, గంట గడిచింది. నారాయణప్ప లేవబోతుండగా ఊళ్లో రైతు దేవేంద్ర పరుగున వచ్చాడు. తన శెనక్కాయ చేని గట్టున, బండ మీద కూర్చున్న సిద్దమ్మ ఎంత పిలిచినా పలకడం లేదట.

వెళ్లి చూస్తే ఆమె ముఖంలో నొప్పి లేదు. ఏదో గుర్తు చేసుకుంటున్నట్టుంది. కబురందుకుని కృపాకుమారి వచ్చి, సిద్దమ్మ నాడి చూసి, ఆ చేతిని మెల్లగా ఆమె ఒడిలోనే పెట్టింది.

"అమ్మా, ఈ పొద్దు చెంచా నిండుగా వేసినా. దాని వల్లనేనా?"

"కాదు పెద్దాయనా. ఒక్క చెంచాకు మనిషి పోదు. గుండె ఆగింది."

అతను తల ఊపాడు. మళ్లీ అదే అడిగాడు. ఆమె మళ్లీ అంతే ఓపిగ్గా చెప్పింది.

మసక చీకటి పడుతుండగా ఊరివాళ్లు నలుగురు సిద్దమ్మను ఇంటికి మోసుకుపోయారు. బండ పక్కన ఆమె మెత్తటి నల్లచెప్పులు, ఊరివైపు తిరిగి, పైన పట్టిన ఎర్రదుమ్ములో కాలివేళ్ల అచ్చులతో అలాగే ఉన్నాయి.