కొనాడు లాప్‌టాప్

కుమాసీ నగరంలో, అడుం బజారు వెనక సందులో, లాప్‌టాప్‌లు బాగుచేసే వాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. యజమాని కళ్ళెదుటే విప్పాలి, కళ్ళెదుటే బిగించాలి, కళ్ళెదుటే తెర వెలిగించి చూపించాలి. వదిలి వెళితే లోపలి సామాను మారిపోతుందని జనానికి భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు, ఆ సందులో వాళ్ళే పుట్టించారు. అందుకే ప్రతి దుకాణం ముందూ ఒక బల్ల, బల్ల నిండా జనం. తమది కాని లాప్‌టాప్ గురించి కూడా సలహాలిచ్చే జనం.

ఆ దుకాణదారుల్లో ఒకడైన అడొమాకోకి తన బల్లంటే ప్రాణం. ఇరవై రెండేళ్ళుగా వాళ్ళు "శభాష్ మాస్టర్" అంటే తప్ప తిన్నది ఒంటబట్టేది కాదు. చచ్చిన బోర్డుకి వేడిగాలి కొట్టి బతికిస్తాడని అతనికి పేరు. పాత రకం యంత్రాల్లో అతుకులు వదులై ఆగిపోయేవి, వేడి తగిలితే కరిగి మళ్ళీ అతుక్కునేవి. ఆ ఒక్క విద్యతోనే గురువైపోయాడు. గురువయ్యాక కొత్తది నేర్చుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

మంగళవారం పొద్దున్నే డూఫియే వచ్చింది. నల్లబట్టల్లో ఉంది. ఆమె చెల్లెలు కొనాడు పెండలాల వ్యాపారి. యెజీ రేవులో పడవెక్కి సరస్సు అవతలి ఊళ్ళ నుంచి దుంపలు తెచ్చేది. నీళ్ళలో మునిగి ఉన్న మోడు తగిలి పడవ తిరగబడింది. ఆరుగురి శవాలు దొరికాయి, కొనాడుది దొరకలేదు. నలభై రోజులు చూసి, శనివారం అంత్యక్రియలు పెట్టుకున్నారు. శవం ఉండాల్సిన చోట ఫోటో కూర్చోబెట్టాలి. వచ్చినవాళ్ళు ఆ మొహం చూసి ఏడవాలి. కొనాడు ఫోను కొనాడుతోనే నీళ్ళలోకి పోయింది. ఫోటోలన్నీ ఆమె ఇంట్లో వదిలి వెళ్ళిన ఈ లాప్‌టాప్‌లో ఉన్నాయి.

"తెరవబోతే నత్తలా పాకుతోంది మాస్టర్. అంత్యక్రియల పోస్టర్లు అచ్చేసే అతను మెమరీ చాలదన్నాడు. అతనే ఇది కొనమన్నాడు," అంటూ ఆమె సంచిలోంచి కొత్త మెమరీ ముక్క తీసింది.

ముందు ఆ ఫోటోలు ఇంకోచోటికి తీసిపెట్టుకోమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. అడొమాకో కూడా చెప్పలేదు. మెమరీ వెయ్యడమెంత, పావుగంట పని!

పాత ముక్క తీశాడు, కొత్తది నొక్కి కూర్చోబెట్టాడు, మీట నొక్కాడు. పక్కన చిన్న దీపం వెలిగింది. లోపల ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

"ఏంటి మాస్టర్, రాలేదా?"

"వస్తుంది మేడమ్. నలుగురినీ చూసి సిగ్గుపడుతోంది."

బల్ల మీద నవ్వులు. నిమిషం గడిచింది. నవ్వులు ఆగాయి. అడొమాకో ఆపేశాడు. ముక్క తీసి, రబ్బరుతో దాని పళ్ళు రుద్ది, మళ్ళీ పెట్టి నొక్కాడు. గోడ గడియారం వంక చూస్తూ ఈసారి కాస్త ఎక్కువసేపే కూర్చున్నాడు. ఎందుకో వదిలేసి చూద్దామనిపించింది కూడా.

"మాస్టర్ జపం చేస్తున్నాడ్రోయ్!" అన్నారు బల్ల మీంచి ఎవరో.

చురుక్కుమంది. ఆపేశాడు. పాత ముక్కే తిరిగి పెట్టి నొక్కాడు. అదీ నలుపే.

డూఫియే లేచి నిలబడింది. "పాతది పెట్టినా రాకపోవడమేంటి? పొద్దున ఇంట్లో వెలిగింది కదా! అలా గుడ్లప్పగించి చూస్తారేంటి మాస్టర్, ఏదో ఒకటి చెయ్యండి! మా చెల్లి అందులో ఉంది!"

"గన్ తియ్యి మాస్టర్!" అంది బల్ల. "నీ గన్ ముందు ఏదైనా దిగిరావాల్సిందే."

అడొమాకో వేడిగాలి గన్ తీశాడు. బోర్డు మీద నాలుగు వైపులా ఓపిగ్గా తిప్పాడు. కమురువాసన వచ్చింది. మీట నొక్కితే ఈసారి పక్కనున్న చిన్న దీపం కూడా వెలగలేదు. బల్ల మీదివాళ్ళు ఒక్కొక్కరే పనులు గుర్తొచ్చి లేచిపోయారు.

లోపలి డిస్కు క్షేమంగానే ఉంది. కానీ పరాయివాళ్ళు చదవకుండా దానికి రహస్య తాళం వేసి ఉంది, ఆ తాళంచెవి కాలిన బోర్డులోనే ఉండేది. ఇంకో యంత్రానికి తగిలిస్తే బారెడు అంకె అడిగింది. ఆ అంకె కొనాడు ఈమెయిల్లో ఉంది. ఈమెయిల్ తెరవాలంటే కొనాడు నంబరుకి సందేశం వస్తుంది. అదే నంబరు మళ్ళీ ఇమ్మంటే ఫోను కంపెనీ వాళ్ళు మరణ పత్రం తెమ్మన్నారు. పత్రం రాసేవాళ్ళు శవం ఏదన్నారు. బుధ, గురువారాలు డూఫియే తిరగని గుమ్మం లేదు. ప్రతి గుమ్మం ఇంకో గుమ్మం చూపించింది.

గురువారం మధ్యాహ్నం, తప్పు తనది కాదు, ఆ కొత్త ముక్కదేనని రుజువు చేసుకోవాలనిపించింది అడొమాకోకి. ఎదురు దుకాణం అసిబే దగ్గర అచ్చం అలాంటి లాప్‌టాపే ఉంటే అడిగి తెచ్చుకుని, ముక్క అందులో వేసి నొక్కాడు. తెర నలుపు. హమ్మయ్య అనుకున్నాడు. సాక్ష్యానికి అసిబేని పిలుచుకొద్దామని వెళ్ళాడు. అతను సందు చివర అన్నం, అలసందల పొట్లం విప్పుకుని కూర్చున్నాడు. తినడం అయ్యేదాకా కదలనన్నాడు.

ఇద్దరూ తిరిగి వచ్చేసరికి తెర దేదీప్యమానంగా వెలుగుతోంది.

"బానే ఉందిగా గురువా," అన్నాడు అసిబే చెయ్యి తుడుచుకుంటూ. "ఇది కొత్త రకం. మెమరీ మారిస్తే మొదటిసారి దాన్ని గుర్తుపట్టడానికి నాలుగైదు నిమిషాలు తీసుకుంటుంది. అందాకా నలుపే. మధ్యలో ఆపావో, మళ్ళీ మొదటికొస్తుంది. పాతది తిరిగి పెట్టినా అంతే. ఆవిడ దానికి ఎంతసేపు ఆగావేంటి?"

అడొమాకో స్టూలు మీద కూలబడ్డాడు. ఎప్పుడూ లేనిది ఆ బల్ల మీద ఎవరూ లేనందుకు ప్రాణం కుదుటపడింది, అలా కుదుటపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? కాలింది తన చేతులు కూడా కావు.

శనివారం ఎర్రంచు నల్లబట్ట భుజాన వేసుకుని అంత్యక్రియలకి వెళ్ళాడు. చెప్పెయ్యాలని వెళ్ళాడు. శవం ఉండాల్సిన చోట పట్టు కప్పిన కుర్చీ, కుర్చీలో ఫోటో. ఏదో పెళ్ళి ఫోటోలో నాలుగో వరసలో ఉన్న తలని పెద్దది చేయించారు. ముక్కూ మొహం తెలియని ఒక మసక వచ్చింది. వచ్చినవాళ్ళు దాని ముందు ఆగి, ఏడవబోయి, ఎవరినో చూస్తున్నట్టు తడబడి ముందుకు కదులుతున్నారు.

రివాజు ప్రకారం, కూర్చున్న బంధువులకి కుడివైపు నుంచి వరసగా చేతులు కలుపుతూ వెళ్ళాలి. డూఫియే వంతు వచ్చింది. అడొమాకో వంగి, చెవి దగ్గర చెప్పాడు.

"మేడమ్, ఆ లాప్‌టాప్‌కి ఏ జబ్బూ లేదు. నేనే చంపాను. నాలుగైదు నిమిషాలు కదపకుండా వదిలేస్తే వెలిగేది."

తిడుతుందనుకున్నాడు. నలుగురిలో చెంప పగలగొట్టినా బాగుండుననుకున్నాడు. ఆమె అతని చెయ్యి వదల్లేదు.

"నాలుగైదు నిమిషాలా?"

"అవును మేడమ్."

"మీరు గడియారం చూస్తూ ఆగారు కదా మాస్టర్. ఏదో ఒకటి చెయ్యండని లేచి అరిచింది నేనే కదా."

"అయ్యో, అది కాదు మేడమ్, తెలియాల్సింది నాకు..."

"నాకు చెప్పకుండా ఉండాల్సింది మాస్టర్," అంది డూఫియే. గొంతు పెంచలేదు. "మీ బరువు దిగిందేమో. నన్నిప్పుడు ఎవరి దగ్గర దించుకోమంటారు?"

"ఎవరే అది? ఏమంటున్నారు?" అంది పక్క కుర్చీలోంచి ముసలితల్లి. ఆమెకి చూపు సరిగ్గా ఆనదు.

"ఏం లేదమ్మా. మన కొనాడు ఫోటోల కోసం చాలా పాటుపడ్డ మాస్టర్."

"కదలండి పెద్దాయనా, వరసంతా ఆగిపోయింది," అన్నారు వెనక నుంచి.

అడొమాకో ఒక అడుగు పక్కకి వేశాడు. ముసలామె తడుముకుని అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఈ చేతులు చల్లగా ఉండాలి నాయనా," అంది.