సెలవు అక్కర్లేని మందు

ఇస్త్రీ గదిలో అతని బూటు కింద నేల ఎర్రబడటం ముందు చూసింది భార్యే. అదే ఫ్యాక్టరీలో ఆమె గుండీలు కుడుతుంది. చొక్కాల మూట దించుతూ, "కాలికేమైంది?" అంది.

"ఏమీ కాలేదే," అన్నాడతను.

బూటు విప్పితే అరికాల్లో మేకు. పొద్దుటి నుంచీ దానిమీదే నిలబడి ఇస్త్రీ చేస్తున్నాడు. నొప్పే తెలియలేదు.

అతనికి షుగరు ఉందని ఏనాడో తేలింది. కానీ ఆస్పత్రికి పోతే ఆ పూట కూలి పోయేది. "షుగరు లేనోడెవడయ్యా, నాకూ ఉంది," అని మేస్త్రీ సెలవిచ్చేవాడు కాదు. అప్పుడే ఆమె అన్న ఒక డబ్బా తెచ్చాడు. యాంటీ ఆక్సిడెంట్ల పొడి. "పొద్దున్నే చెంచాడు చాలు బావా. మాత్రలతో పనిలేదు." ఈ మందుకి సెలవు అక్కర్లేదు. మొగుడూ పెళ్ళాలిద్దరికీ అదే నచ్చింది.

మేకు దిగినచోట పుండు నల్లబడింది. పాదం తీసేశారు.

"ఒంట్లో చక్కెర పెరిగితే లోపల నరాల్ని, రక్తనాళాల్ని తినేసే విషాలు పుడతాయమ్మా," అంది డాక్టరమ్మ. "వాటిని విరిచే శక్తి మన ఒంట్లోనే ఉంటుంది. ఏళ్ల తరబడి చక్కెర దిగకపోతే ఆ శక్తీ చితికిపోతుంది."

"పొడి అందుకేనన్నారండీ."

"చక్కెర దించకుండా పొడి మింగితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే."

మత్తు దిగాక అతను అడిగాడు: "రెండు బూట్లూ ఇంటికి పట్టుకెళ్లావా?"

పట్టుకెళ్లానంది. ఆ తర్వాత వరండాలోకి వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అక్కడే అన్న ఎదురయ్యాడు. చేతిసంచిలో డబ్బాలున్నాయి. బావని చూసి కళ్లు తుడుచుకున్నాడు కూడా. వెళ్లేముందు గొంతు తగ్గించాడు. "ఫ్యాక్టరీలో ఏమీ అనకమ్మా. నీ నోటిమాట మీదే అక్కడ నాలుగు డబ్బాలు పోతున్నాయి. మీ పిన్ని కూడా వాడుతోంది."

పిన్ని అంటే గుండీల బల్ల దగ్గర ఆమె పక్కన కూర్చునే పెద్దావిడ.

"పిన్నికి చెప్పేస్తా, అన్నయ్యా."

"నా పొట్ట కొడతావా?"

"నీ పొట్ట కోసం ఆవిడ కాళ్లు అడగలేను."

అన్న సంచి భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. మళ్లీ వాళ్లింటి గుమ్మం తొక్కలేదు.

మర్నాడు ఆమె అంతా చెబితే, పిన్ని సూది ఆపింది. "అరికాళ్లు నాకూ మొద్దుబారాయే. కానీ సెలవెవడిస్తాడు?"

ఆమె లేచి పిన్ని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మేస్త్రీ బల్ల ముందుకెళ్లి నిలబడ్డారు.

"ఈవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లాలి."

మేస్త్రీ తలెత్తలేదు. "పని వదిలి ఇద్దరా? పోయి కూర్చోండి."

వాళ్ల వెనక కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. వాళ్లిద్దరూ కూర్చోలేదు.