బావులు కొట్టని ముట్టడి

బెళుగుప్పలో తౌఫిక్ మోటార్ వైండింగ్ అంగడికి వచ్చేవాళ్లెవరూ తౌఫిక్ కోసం రారు. కాలిపోయిన బోరు మోటారు కోసం వస్తారు. ఎప్పుడిస్తావని అడుగుతారు, రేపంటాడు, వాళ్లు ఎల్లుండి వస్తారు. నలభై మూడేళ్ల మనిషికి ఊళ్లో ఇంతకు మించిన సంభాషణ లేదు. ఒకసారి పెళ్లి కుదిరి తప్పింది, మళ్లీ కుదరలేదు, అలా ఉండిపోయాడు. తల్లి మదీనాబీ పోయాక, తిన్నావా అని అడిగే గొంతు ఇంట్లో కూడా లేకుండా పోయింది.

అలాంటివాడు మధ్యాహ్నం ఒంటిగంటకు, పొలాల కరెంటు పోయి రైతులు ఇళ్లదారి పట్టే వేళకు, షట్టర్ సగం దించి లాప్‌టాప్ తెరిచి, ఉత్తర ఆఫ్రికా ఎడారిలో యాభై వేల మందికి సేనాధిపతి అయ్యేవాడు. నవ్వొస్తుంది కదా. ఊరివాళ్లకు తెలిసి ఉంటే వాళ్లూ కడుపుబ్బ నవ్వేవారు.

అది తుపాకీ పట్టుకుని పరిగెత్తే ఆట కాదు. 1941 నాటి యుద్ధం, ఉన్నది ఉన్నట్టు. పెట్రోలు అందకపోతే ట్యాంకు కదలదు, నీళ్లు అందకపోతే దండు నాలుగో రోజుకు పడిపోతుంది. ఒక్కో ఎత్తుకు ఆటలో ఒక రోజు గడుస్తుంది, ఆడేవాళ్లు మామూలుగా రోజుకు ఒక్కటే వేసుకుంటారు. మనది మనం వేసి పంపితే, అవతలివాడు తీరిగ్గా ఆలోచించి తనది వేసి పంపుతాడు. ఎత్తుతో పాటు రెండు ముక్కలు రాసుకునే వీలుంటుంది. తౌఫిక్ ఆ ఆట ఆడేది ఆ రెండు ముక్కల కోసమే.

అవతలివాడు గుత్తిలో ఉండే దేవేంద్ర. గూడ్సు బండ్ల చివరి పెట్టెలో గార్డుగా, ఒక్కడే కూర్చుని ముప్పై ఏళ్లు తిరిగి రిటైరైన మనిషి. రెండేళ్ల కిందట ఆటే వాళ్లిద్దరినీ జత కలిపింది. మొదటి ఎత్తు వెంట "ఏమప్పా, అన్నం తిన్యావా" అని వచ్చింది. ఆ రోజు తౌఫిక్ ఒక కాయిల్ తప్పు చుట్టి, విప్పి, మళ్లీ చుట్టాడు. అప్పట్నుంచి మూడు యుద్ధాలు చేశారు. బస్సెక్కితే మధ్యాహ్నానికి గుత్తిలో ఉండొచ్చు, అయినా ఎన్నడూ వెళ్లలేదు. ఫోన్ నెంబరైనా అడగలేదు. రైల్వేలో చేసిన పెద్దమనిషికి మోటార్లు బాగుచేసేవాడితో ఆట మీద కాక ఇంకేం మాటలుంటాయని అతని భయం.

నాలుగో యుద్ధం మొదలుపెడుతూ దేవేంద్ర రాశాడు. "ఇదే నా ఆఖరి ఆట తౌఫిక్. గెలిచినా ఓడినా దీంతో సరి." ఎందుకో రాయలేదు. అడిగే చనువు ఉందో లేదో తెలియక తౌఫిక్ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి అతనికి అన్నం సహించలేదు.

ఈసారి టొబ్రూక్ అనే రేవు పట్నం ముట్టడి. లోపల మనదేశపు గుర్రపు దళం పేరున్న దండు ఒకటి ఉందని దేవేంద్ర పట్నాన్ని కోరుకున్నాడు. చుట్టూ తౌఫిక్ సైన్యం. మూడు వారాలకే రేవులోకి ఓడ రాకుండా చేశాడు. సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే యంత్రాన్ని కూల్చాడు. ఇక పట్నానికి మిగిలింది రెండు బావులు, వాటి మీద ఒక పంపుహౌసు. అది తౌఫిక్ ఫిరంగులకు చక్కగా అందుతుంది. ఒక్క ఆజ్ఞ ఇస్తే నిలవ నీళ్లు కూడా అయిపోయి తొమ్మిదో రోజుకు పట్నం లొంగిపోతుంది. లెక్క మూడుసార్లు వేసుకున్నాడు, మూడుసార్లూ తొమ్మిదే వచ్చింది.

ఫిరంగుల్ని పక్కకు తిప్పి ఉత్త ఇసుక మీద పేల్పించాడు. మర్నాడూ అంతే చేశాడు.

నాలుగో రోజు దేవేంద్ర అడగనే అడిగాడు, పంపుహౌసు కొట్టలేదు ఏమిటని. తౌఫిక్ చాలాసేపు ఆలోచించి రాశాడు. "తాగే నీళ్లు గదన్నా. మా నాయన ఒప్పుకోడు."

పూర్తిగా అబద్ధమని అనలేం. తండ్రి నబీ సాబ్ బతికున్నన్నాళ్లూ అంగట్లో ఒక కట్టుబాటు ఉండేది. తాగేనీళ్ల బోరు మోటారు వస్తే చేతిలో ఉన్న పని ఆపి దాన్ని ముందు చేయాలి. తెచ్చినవాడు మనతో మాటలు లేనివాడైనా సరే, నిన్న పోట్లాడినవాడైనా సరే. తౌఫిక్ ఇప్పటికీ అలాగే చేస్తాడు. అయితే ఫిరంగులు తిప్పింది మాత్రం అందుకు కాదు. పట్నం పడితే ఆట అయిపోతుంది, ఆట అయిపోతే మనిషి పోతాడు. అంతే సంగతి.

నీళ్ల కరువు తెలియని చోటివాడైతే ఆ జవాబుకు నవ్వి, వీడేదో ఎత్తు దాస్తున్నాడని అనుమానించేవాడు. దేవేంద్ర బిందెలు వరసపెట్టి ట్యాంకరు కోసం కాచుకున్న మనిషి. నిలువునా నమ్మాడు. "నువ్వు మనిషివప్పా" అని రాశాడు. అంతటితో ఊరుకోక, తౌఫిక్ నీళ్ల లారీలు వచ్చే బాట మీద మాటువేయించిన తన మనుషుల్ని వెనక్కి పిలిపించాడు. నీళ్ల జోలికి తనూ రానన్నాడు.

అలా రెండు నెలలు గడిచాయి. ప్రపంచంలో అంత మర్యాదైన యుద్ధం ఎక్కడా జరిగి ఉండదు. ఇసుక మీద గుండ్లు పడేవి, రాతలు మాత్రం పెరిగేవి. ఎండ గురించి, కొర్రన్నం గురించి, ఏ స్టేషన్లో ఎన్ని గంటలు బండి నిలిపేశారో దాని గురించి. తౌఫిక్ జీవితంలో అంత బాగున్న రోజులు లేవు. దేవేంద్ర రాతల్లో తప్పులు ఎక్కువవుతున్నాయని గమనించాడు గానీ, పెద్దాయన తొందరలే అనుకున్నాడు.

ఒకరోజు ఎత్తు రాలేదు. మర్నాడూ, ఆ మర్నాడూ రాలేదు. నాలుగో రోజు వేరే మనిషి రాసిన ముక్క వచ్చింది. తాను దేవేంద్ర అక్క పుష్పావతినని, తమ్ముడికి కండ్లు కనబడటం లేదని, నెంబరు పంపితే మాట్లాడతాడని.

పంపిన ఐదు నిమిషాలకు ఫోను మోగింది. ఆ గొంతు తౌఫిక్ అనుకున్నదానికంటే సన్నగా ఉంది. నీటికాసుల జబ్బట. మిగిలిన చూపు మూడు నాలుగు నెలలకు మించి ఉండదని ఆటకు ముందే డాక్టరు చెప్పాడట. ఓడినా గెలిచినా ఒక్క యుద్ధం ముగింపు తన కళ్లతో చూసి ఆట మానుకుందామనుకున్నాడట.

"చూడలేకపోతినని బాధ లేదులేప్పా. నీళ్లకాడ నువ్వు ధర్మం తప్పలేదు. బిందె పెట్టుకోని నీళ్లకోసం నేనూ కాచుకున్యా. అట్లాంటోనితో ఆడినానని సంతోషంగా ఉండాది."

తౌఫిక్ ఊరుకుని ఉంటే సరిపోయేది. ఆ మెచ్చుకోలు అతనికి దక్కేది. కానీ ఊరుకోలేకపోయాడు.

"నీళ్ల కోసం కాదన్నా. పట్నం పడితే ఆట అయిపోతాది. నువ్వు పోతావని కొట్లేదు."



"అయితే నాకుండే చూపంతా నీ ఇసుక మీదనే ఖర్చు పెట్టిస్తివి," అన్నాడు దేవేంద్ర. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే తౌఫిక్‌కు తేలికయ్యేది.

మళ్లీ తనే అన్నాడు. "ఇప్పుడు కొట్టు. నా దండ్లకు నిలబడి ఉండమని అక్కతో ఎత్తులు వేయిస్తా. ఏమైతాదో చదివి చెప్పు."

తౌఫిక్ పంపుహౌసు మీదికి ఫిరంగులు తిప్పాడు. గుత్తిలో పుష్పావతి, ఇక్కడ ఇతను, ఒకరి వెనక ఒకరు ఎత్తులు వేశారు. రోజుకొకటి వేసుకునే ఎత్తులు నిమిషానికొకటిగా పోయాయి. దాహంతో పడిపోతున్న ఒక్కొక్క దండు పేరూ చదువుతూ పోయాడు. అవతల దేవేంద్ర ఊఁ కొట్టాడు. గుర్రపు దళం పేరు వచ్చినప్పుడు ఊఁ కూడా అనలేదు. తొమ్మిదో ఎత్తుకు పట్నం మీద గుర్తులన్నీ చెరిగిపోయాయి.

"ఇంకెవురన్నా మిగిలినారా?"

మిగిలారంటే చాలు. రేవు పక్క పది మంది దాక్కున్నారని, రేపు చూద్దామని అంటే, పక్కనున్న పుష్పావతికి ఆ పటం అర్థం కాదు, ఆయనకా కనబడదు. రేపు మళ్లీ ఫోను మోగుతుంది. తౌఫిక్ ఖాళీ పటం వంక చూస్తూ నోరు తెరిచాడు.

"లేరన్నా. అందరూ అయిపోయినారు."

"చూసే చెప్తాండావా?"

"చూసే చెప్తాండా."

"మంచిది," అన్నాడు దేవేంద్ర, ఫోను పెట్టేశాడు.

మళ్లీ ఫోను చేయమని ఆయన అనలేదు, చేయనా అని అడిగే ముఖం తౌఫిక్‌కు లేదు. దేవేంద్ర గొంతు అతను విన్నది ఆ ఒక్కసారే.